బోణీ షాటు

మా అక్క భర్త, అంటే మా బావ, వీడియోలు తీసేవాడు. జువ్వలదిన్నె చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి జరిగినా, పిల్లకు చెవులు కుట్టించినా, కొత్త పడవను నీళ్లలోకి దించినా కెమెరా భుజాన వేసుకుని వెళ్లేది ఆయనే. రెండేళ్ల కిందట, జ్వరమనుకున్నది ఉత్త జ్వరం కాకపోవడంతో, వారం తిరక్కుండా పోయాడు. ఊళ్లో అందరినీ తీసినవాడు తాను మాత్రం ఎక్కడా కనపడడు. ఆయన ఫొటోలు రెండే ఉన్నాయి: పెళ్లినాటిదొకటి, ఆధార్ కార్డు మీదదొకటి. కెమెరా వెనక నిలబడేవాడికి మిగిలేది గొంతు మాత్రమే.

ఆ గొంతు కూడా పెళ్లివాళ్లకిచ్చిన వీడియోల్లో వినపడదు. ఎడిటింగులో దాన్ని తీసేసి పాటలు వేస్తారు. అంతకు ముందు కెమెరా తీసింది తీసినట్టుగా ఉండే రా ఫుటేజీలో అయితే ఉంటుంది. "అమ్మా, కొంచెం ఇటు తిరగండి." "పెళ్లికొడుకా, అప్పుడే ఏడుపు మొగం పెట్టబాకయ్యా, ఇంకా తాళి కట్టలా." ఆల్బం చేతికివ్వగానే చాలా స్టూడియోల్లో ఆ ఫుటేజీ చెరిపేస్తారు, డిస్కులో చోటు కోసం. బావ చెరపలేదు. ఒక డిస్కు నిండితే ఇంకోటి కొని, నిండినదాన్ని బీరువాలో చీరల మధ్య పెట్టించేవాడు.

నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో పని చేస్తాను. బావ పోయిన మరుసటి వేసవిలో అక్క ఆ డిస్కులన్నీ ఒక చీరలో మూటగట్టి నా ముందు పెట్టింది.

"వీటిల్లో ఆయన మాట్లాడింది ఉంటాదంట గదా. నేను నొక్కితే వచ్చేట్టు చెయ్యి అబ్బయ్యా."

నాకు పని ఒక వరసలో ఉండాలి. మొదట పాత కంప్యూటరు పెట్టె ఒకటి శుభ్రం చేసి స్టోరేజి సర్వరుగా, అంటే వీడియోలు దాచే పెట్టెగా మార్చి, అక్క ఇంట్లో బావ స్టూడియో రూములోనే పెట్టాను. తరవాత రెండు కొత్త డిస్కులు బిగించి, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా జత చేశాను. ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది. ఆ పైన బావ డిస్కులను ఒక్కొక్కటిగా తగిలించి, ఉన్నదంతా కొత్తవాటిలోకి ఎక్కించడం. ఊరికే ఉన్నప్పుడు డిస్కు తిరగడం మానేసి నిద్రపోయేలా కూడా పెట్టాను. చివరగా డిస్కుల ఆరోగ్యం చూసే ఏర్పాటు: రోజూ ఒక చిన్న పరీక్ష, వారానికొక పెద్ద పరీక్ష, వేడి గీత దాటినా, చదవలేని చోట్లు కనపడినా నా ఫోనుకు మెయిలు.

నిద్ర సంగతి అక్కకు నచ్చలేదు.

"అది ఉండుండి గమ్మునైపోతాది రా. మీ బావ ఉన్నప్పుడు ఆ రూములో ఎప్పుడూ గుయ్యిమని సద్దు ఉండేది. గమ్మునుంటే నాకు బాగాలేదు."

"కరెంటు మిగులుతుందక్కా."

"మిగిలిన కరెంటు నేనేం చేసుకోను?"

నిద్ర తీసేశాను. డిస్కులు మాటిమాటికీ ఆగి మళ్లీ తిరగడం మొదలుపెడితే అరిగిపోతాయన్నది కూడా నిజమే కాబట్టి, సాంకేతికంగానూ అది సరైన నిర్ణయమేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఎక్కిస్తున్నప్పుడు ఒక విషయం గమనించాను. ప్రతి ఫోల్డరులో మొదటి క్లిప్పు ఒకేలా ఉంది. తెర నిండా తెల్లగా ఒక టవలు. దాని అంచులను పట్టుకున్న అక్క వేళ్లు. వెనక కోడి అరుపో, బిందె సద్దో. బావ గొంతు: "ఇంకొంచెం పైకి పట్టు మే." కాసేపటికి, "చాలు." అంతటితో క్లిప్పు అయిపోతుంది.

రంగులు సరిగ్గా రావాలంటే తీసే చోట తెల్లటి గుడ్డనొకదాన్ని కెమెరాకు చూపించి, ఇది తెలుపు అని దానికి చెప్పాలి. అది చేయాల్సింది మండపంలో, అక్కడి లైట్ల కింద. ఇంటి వాకిట్లో చేస్తే ఎందుకూ పనికిరాదు. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఈ మాటే బావతో అన్నాను. ఆయన బ్యాగు జిప్పు లాగుతూ, "అక్కడా చేస్తాలే రా బామ్మర్దీ. ఇది దానికి కాదు, బోణీ. మీ అక్క చేతి మీద మొదలుపెడితే ఆ రోజు బ్యాటరీ కూడా మొరాయించదు" అన్నాడు. లోపల్నించి అక్క, "ఆ, బోణీ చేయించుకుంటాడు గానీ అన్నం తినిపొమ్మంటే మాత్రం వినడు" అంది.

అక్క చూసేది పెళ్లిళ్లు కాదు, ఆ బోణీ షాట్లే. బావ పోయాక స్టూడియో తానే నడుపుతోంది. మధ్యాహ్నం పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చేవాళ్లు తగ్గాక కుర్చీ వేసుకుని, ఒకదాని తరవాత ఒకటి చూసేది.

బావ డిస్కులన్నీ ఎక్కించడం అయిపోయి, ఆయన చివరి ఏడాది పనులున్న డిస్కు ఒక్కటే మిగిలింది. నాకు తీరిక దొరికి ఎక్కించే దాకా అందులోవి అక్క చూసుకుంటుందని దాన్ని కూడా పెట్టెలో తగిలించి వచ్చాను. ఆ వారమే మెయిళ్లు మొదలయ్యాయి. ఆ డిస్కు వేడెక్కుతోంది. పొద్దున మామూలుగానే ఉంటోంది. సాయంత్రం పైరగాలి లేచే వేళకు పెరగడం మొదలై, మళ్లీ పొద్దునకు దిగుతోంది. ఎండ తగ్గి గాలి చల్లబడే వేళ డిస్కు ఎందుకు కాలుతుందో అర్థం కాలేదు. ఫ్యానుకు తుప్పు పట్టిందేమో, సాయంత్రాలు వోల్టేజీ పడిపోతోందేమో అనుకుంటూ అక్కకు ఫోను చేశాను.

"దాన్నేమన్నా కదిలించావా అక్కా?"

"నేనెందుకు కదిలిస్తా? బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటుండా."

తరవాతి మెయిల్లో వేడితో పాటు ఇంకో మాట ఉంది: డిస్కు మీద చదవలేని చోట్లు తేలుతున్నాయి. ఆసుపత్రిలో సెలవు చెప్పి, బండి తీశాను.

నేను చేరేసరికి సముద్రం మీద నుంచి గాలి లేచింది. రూములో సర్వరు పెట్టె తల నుంచి అడుగు దాకా, గాలి పోయే కంతలతో సహా, నాలుగు మడతల టవలు చుట్టి ఉంది. తెల్లటిది. అంచు చూడగానే గుర్తుపట్టాను.

"ఇదేందక్కా?"

"ఉప్పుగాలి రా. నీకు తెలవదా? గేటు బందులు చూడు, ఎట్టా తినేసిందో. మీ బావ కెమెరాకు రోజూ ఈ టవలే చుట్టేవాడు. నువ్వు పొయ్యినకాడ్నించి పొద్దున ఊడ్చేటప్పుడు తీస్తా, గాలి లేచినాక చుడతా."

తప్పేమీ లేదు. ఈ ఒడ్డున ఇనుమున్న ప్రతి వస్తువునూ అలాగే కాపాడుకుంటాం. పని లేనప్పుడు చల్లగా ఉండే కెమెరాకు అది సరిపోతుంది. రాత్రీ పగలూ తిరిగే డిస్కుకు గాలి ఆడాలి. టవలు విప్పి, పెట్టె మీద చెయ్యి పెట్టించాను. అక్క వెంటనే చెయ్యి తీసేసుకుంది.

"పొయ్యిందా?" అంది.

"ఇంకా పోలేదు. కానీ ఎంతసేపు చదవనిస్తుందో తెలియదు. ఏది ముందు తియ్యమంటావు?"

అడిగానే గాని, నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం కస్టమర్ల పెళ్లిళ్లు ముందు రావాలి. అక్క నా వైపు చూడను కూడా లేదు.

"పెళ్లిళ్లు వాళ్ల ఇళ్లల్లో ఉండాయి. టవలు షాట్లు తియ్యి."

టేబులు ఫ్యాను తెచ్చి డిస్కుకు ఎదురుగా పెట్టాను. ప్రతి ఫోల్డరులో మొదటి క్లిప్పును మాత్రమే తీసేలా చిన్న ఆదేశం రాశాను. డిస్కు గీరుకున్నట్టు సద్దు చేసినప్పుడల్లా అక్క టవలును ఒళ్లో ఇంకో మడత పెట్టేది. వరసగా వచ్చాయి. చివరి ఫోల్డరు దగ్గర ఆగింది. బావకు జ్వరం పట్టే ముందు, కొత్త పడవను నీళ్లలోకి దించినప్పుడు తీసినది. మళ్లీ ప్రయత్నించాను, చదవలేని చోటును దాటేసి మిగిలింది తెమ్మన్నాను. సగం వచ్చింది. ఆ తరవాత డిస్కు కంప్యూటరుకు కనపడడం మానేసింది.

"వచ్చినంత పెట్టు" అంది అక్క.

తెర నిండా తెలుపు. అక్క వేళ్లు. ఎక్కడో ప్రెషర్ కుక్కరు కూత. బావ ఒకసారి దగ్గాడు. ఆ తరవాత గొంతు: "ఇంకొంచెం పైకి పట్టు మే."

నా పక్కన కదలిక తెలిసి తిరిగి చూశాను. అక్క ఒళ్లో ఉన్న టవలును రెండు చేతులతో విప్పి, పైకి పట్టుకుని ఉంది. ఆమె చూపు తెర మీదే ఉంది.

క్లిప్పు అక్కడే ఆగిపోయింది. చాలు అన్న మాట చదవలేని చోట ఉండిపోయింది. అక్క చేతులు చాలాసేపు కిందికి దిగలేదు.