ముడి వేయని సంచి

మా చిన్నప్పుడు... ఆదివారం సంతకు బయల్దేరేముందు అమ్మ వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించిన సంచులు దించేది. ఒకదానిలో ఒకటి దోపి ఉండేవి. పెద్దది అమ్మది... దుంపలకు, గుమ్మడికాయకు. నడిమిది అక్కది... వంకాయలు, బెండకాయలు. అన్నిటికన్నా చిన్నది నాది. పచ్చిమిరపకాయలు, కరివేపాకు, రెండు నిమ్మకాయలు... అంతే నా బరువు.

నేను అందులో కాన్వెంట్ లైబ్రరీ పుస్తకం కూడా పెట్టుకునేదాన్ని. మిరపకాయలమ్మే ఆవిడ నవ్వేది.

"ఏమ్మా కాన్వెంటూ, కాయలు సంచిలో పొయ్యనా, పేజీల మధ్యన పెట్టనా?"

నాకు సిగ్గేసి అమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోయేదాన్ని.

మాది నరసాపురం పక్క. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లంతా అరుగుల మీద లేసు అల్లుతూ కూర్చునేవారు. అమ్మ కూడా. పనిలో మిగిలిన నూలుదారాన్ని మూడు పేటలు కలిపి, మాకు సంచులు అల్లేది. నాది బిగువుగా అల్లేది... లేకపోతే మిరపకాయలు కన్నాల్లోంచి జారిపోతాయి.

ప్రతి వేసవిలో నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, చేతికి ఖాళీ సంచి తగిలించి చూసేది. నూలు సంచి బరువుకు సాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మోకాలికి పైన ఉంటేనే, నిండాక నేలకు తగలదు. నేను పొడవైతే సంచీ పొడవవ్వాలి. కాడలు విప్పేసి, మూతి దగ్గర కొన్ని వరసలు చేర్చి, మళ్లీ కాడలు అల్లేది. ఒక ఏడు నీలం, ఒక ఏడు ఆకుపచ్చ... ఏ రంగు మిగిలితే అది.

చివర్లో మాత్రం ముడి వేసేది కాదు. ఆఖరి ఉచ్చును కాస్త పొడవుగా లాగి, దారం కొసను అల్లికలోకి దోపేసేది. వచ్చే వేసవికి విప్పాలి కదా...

పక్కింటి పిన్ని ఊరుకునేది కాదు. "పిల్లని పెంచుతున్నావో, సంచిని పెంచుతున్నావో తెలీట్లేదక్కా. ఆ ముడేదో ఏసెయ్యరాదూ? ఎక్కడో ఊడి కూచుంటది."

"పెరిగే పిల్ల సంచికి ముడేత్తారా ఎవరైనా?" అనేది అమ్మ.

నేనూ అల్లుతానని ఆ కొక్కెం సూది పట్టుకుంటే లాక్కునేది. "నీకెందుకే ఇది? కళ్లు పోతాయి. ఈ పని నాతో ఆగిపోవాలి. పో, పుస్తకం తీసుకో."

తీసుకున్నాను... ఆ పుస్తకాలే నన్ను కెనడాలో విన్నిపెగ్ దాకా తెచ్చాయి.

బయల్దేరే ముందు అమ్మ మళ్లీ గోడకు ఆనించి నిలబెట్టింది. అప్పటికి నా సంచి అమ్మ సంచి అంత అయింది. అయినా ఎర్ర దారంతో ఒక వరస చేర్చి, కాడలు మళ్లీ అల్లింది.

"ఇంకా పెరుగుతానా అమ్మా?"

"ఏమో... ఎవరు చూశారు?"

మొన్న చలికాలం. నేను, నా రూమ్మేట్ శ్రావణి సరుకులు కొనుక్కుని బస్‌స్టాప్‌కి నడుస్తున్నాం. నా చేతిలో అమ్మ అల్లిన సంచి. శ్రావణిది వరంగల్. నా వెనక ఆగిపోయి అరిచింది.

"ఆగవే! నీ ఎంబడి దారమొస్తుంది సూడు!"

వెనక్కి చూస్తే... మంచు మీద ఎర్రటి దారం, షాపు గుమ్మం దాకా. అక్కడ సరుకులు తోసుకొచ్చే బండి మూలకు తగులుకుంది దారం కొస. నేను నడుస్తున్నకొద్దీ విడిపోతూనే ఉంది. చూస్తుండగానే ఒక కాడ మాయమైంది. సంచి ఒరిగి, బంగాళాదుంపలు మంచులోకి దొర్లాయి.

గ్లవ్ తీసేసి, మిగిలిన ఉచ్చును రెండు వేళ్లతో పట్టుకున్నాను. అంతకుమించి ఏం చేయాలో నాకు తెలియదు.

"గ్లౌజ్ ఏస్కో పిచ్చిదానా, ఏళ్లు గడ్డకడ్తయ్!"

"వదిలితే మొత్తం పోతుందే..."

బస్సు వచ్చింది. డ్రైవర్ తలుపు తీసి కాసేపు చూశాడు. శ్రావణి ఇంకా దుంపలు ఏరుతోంది, నేను ఉచ్చు పట్టుకుని నిలబడి ఉన్నాను. బస్సు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఉచ్చుకు పిన్నీసు పెట్టి, అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లవారింది. అమ్మ గబగబా సూది, దారం తెచ్చుకుంది.

"ఉచ్చులోకి సూది దూర్చు... దారం ఇట్టా తీసుకో... లాగు."

నా దగ్గర సూది లేదు. తల పిన్ను వంచి ప్రయత్నించాను. ఒకటి అల్లితే రెండు ఊడాయి. అమ్మ చేతులు తెరలో చకచకా కదులుతున్నాయి, నాకు ఒక్కటీ అందడం లేదు.

"అట్టా కాదే... ఇటివ్వు, నే చేస్తా," అంది అమ్మ.

చెయ్యి చాపింది. ఫోన్ నిండా అమ్మ అరచెయ్యి...

అమ్మే మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎప్పుడొస్తావని అడగలేదు. వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా దేశం దాటొద్దన్నారని అమ్మకు తెలుసు. ఎప్పటికొస్తుందో మా ఇద్దరికీ తెలియదు.

"పోనీ... ముడేసెయ్ తల్లీ," అంది చివరికి.

అన్నేళ్లలో అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు సరుకులకు షాపులో కొన్న సంచి తీసుకెళ్తున్నాను. గట్టిదే. ఎవరు పట్టుకున్నా అదే పొడవు. అమ్మ అల్లిన సంచి మా బేస్‌మెంట్ గది తలుపు వెనక, ఒంటి కాడతో వేలాడుతోంది. కింద నుంచి చూస్తే నా వేసవులన్నీ వరసగా కనిపిస్తాయి... నీలం, ఆకుపచ్చ, పైన సగం మిగిలిన ఎరుపు.

మీ ఇంట్లో తలుపు వెనక ఏ సంచి ఉండేది? అందులో మీ వంతు బరువు ఏది? రాయండి... చదువుతాను.

పిన్నీసు ఇంకా అలాగే ఉంది. ముడి మాత్రం వేయలేదు.