నేను కాల్చలేదు, వేగం పెంచాను

పోయిన నెల కడపలో మా అబ్బాయి నిశ్చితార్థం జరిగింది. పంక్తిలో ఓళిగల మీద నెయ్యి పడుతుండగా, కాబోయే వియ్యంకుడు మర్యాద కోసం నావైపు తిరిగి, మీరు మొదట్లో ఏం పని చేసేవారని అడిగారు. నేను నోట్లో ముద్ద మింగేలోపలే, ఎదుటి విస్తరి ముందు కూర్చున్న మా బావ, అంటే మా మేనమామ కొడుకు, ఆ ప్రశ్నను అందుకున్నాడు.

"ఈయప్పా? మా నాయన స్టూడియోలో కంప్యూటరు కాల్చినోడు ఈయప్పే! బండలాగే ఎద్దును సాకినట్ల సాకి, ఆఖరుకు కాల్చిపారేసినాడు."

పంక్తి మొత్తం నవ్వింది. వియ్యంకుడు కూడా నవ్వారు. ఆయన కొత్త చుట్టం, జరిగింది తెలియదు, కాబట్టి ఆయన్ను క్షమించాను. బావను క్షమించలేదు. ఈ మాటను నేను పెళ్ళిళ్ళలో విన్నాను, తద్దినాల్లో విన్నాను, ఒకసారి ఆసుపత్రి వరండాలో, కాలికి కట్టుతో పడుకుని ఉన్నప్పుడు కూడా విన్నాను. అప్పుడల్లా నోరు మూసుకున్నందుకు ఒక కారణం ఉంది. ఆ కారణం ఇప్పుడు లేదు కనుక, ఆ రోజుల్లో కంప్యూటరును చేత్తో తాకి పని చేసిన నా ఈడువాళ్ళకైనా ఇది అర్థమవుతుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

మా మేనమామకు డోన్‌లో, ఇంటి మేడ మీదే, ఫోటో స్టూడియో ఉండేది. వీడియో క్యాసెట్లు వెనకబడి సీడీలు వస్తున్న కాలమది. మామ ఫోటోలు తీయడంలో దిట్ట, కంప్యూటరు మాత్రం ఆయనకు పక్కింటి ఆవు లాంటిది, దండం పెడతాడు కానీ దగ్గరికి పోడు. వీడియో మిక్సింగు కోసం ఆయన కొన్న ఆ ఒక్క యంత్రం ముందు నన్ను కూర్చోబెట్టాడు. పెళ్ళి వీడియో అంతా కత్తిరించి, పాటలు పెట్టి, తలంబ్రాల దగ్గర పూలు రాలినట్టు చేసి, ఆఖరున మొత్తాన్నీ ఒకటిగా తయారు చేయమని చెప్పి పక్కకు జరిగితే, ఆ పెట్టె గంటల తరబడి నెమరు వేసేది. ముహూర్తాల కాలంలో నాలుగు పెళ్ళిళ్ళ వాళ్ళు ఒకేసారి వచ్చి కుర్చీల్లో కూర్చునేవారు, వాళ్ళ చూపులన్నీ నా వీపు మీదే ఉండేవి.

అప్పుడే ఒక పాత కంప్యూటరు పత్రికలో ఓవర్‌క్లాకింగ్ గురించి చదివాను. కంపెనీవాళ్ళు ప్రాసెసరుకు ఒక వేగం నిర్ణయించి పంపుతారు. మదర్‌బోర్డు ఒప్పుకుంటే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే, దాన్ని అంతకంటే కొంత ఎక్కువ వేగంతో నడిపించవచ్చు. ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే వేడెక్కి చెడుతుంది. ఇందులో నాకు కొత్తేమీ కనిపించలేదు, ఎందుకంటే మా నాయన బండలాగుడు పోటీలకు ఎద్దులను తయారు చేసేవాడు. ఒక్కసారిగా పెద్ద బండ కట్టకూడదు, కొంచెం కొంచెం బరువు పెంచాలి, పెంచిన ప్రతిసారీ దాని రొప్పు చూడాలి, అది ఇబ్బంది పడితే సిగ్గుపడకుండా బరువు తగ్గించాలి, అన్నిటికంటే ముఖ్యంగా ములుగర్ర ముట్టుకోకూడదు అనేవాడు. ప్రాసెసరుకు వోల్టేజీ పెంచడమంటే ములుగర్రతో పొడవడమే. పొడిస్తే పరుగెత్తుతుంది, నిజమే, కానీ దాని ఆయుష్షు తరుగుతుంది. నేను వోల్టేజీ జోలికి పోలేదు. ఇది రాసిపెట్టుకోండి, ఎందుకంటే నేను పోయానని మా బావ ఇప్పటికీ చెబుతుంటాడు.

ముందు పెట్టె పక్కరేకు విప్పి, డోన్ దుమ్మునంతా బ్రష్షుతో దులిపాను. ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడిని లాగే పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టాను. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లగా ఉంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు, కందిబేడంత చాలు. ఆ తర్వాత, ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కితే వచ్చే నీలం తెరలోకి పోయి వేగాన్ని ఒక మెట్టు పెంచాను. బయటికి వచ్చి ఒక పాత పెళ్ళిని మొదటినుంచి చివరిదాకా నడిపించాను. ఆగలేదు. వేడి ఎంతుందో చూసుకుని ఇంకో మెట్టు పెంచాను. ఈ సంగతి మామ చెవిన పడి పైకొచ్చాడు.

"ఏమప్పా అల్లుడా, ఆ డబ్బాకు గూడా బండ కట్టినావంటనే? ఉండే స్పీడు శాలదా నీకి?"

"నాకి శాలుతాది మామా. ఈడ కూచోనుండే పెళ్ళోళ్ళకే శాలల్యా."

మామ నవ్వి పోయాడు. అంటే ఒప్పుకున్నట్టే. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

పత్రికలో రాసిన పెద్దమనిషి, గది చల్లగా ఉండగా పరీక్ష చేసి, యంత్రం నిలిస్తే చాలన్నాడు. ఆయన గది ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు. మా స్టూడియో మేడ మీద, కప్పు నాపరాళ్ళది, ఎండాకాలం మధ్యాహ్నం గోడకు ఆనుకుంటే చొక్కా లోంచి కాలేది. చలికాలంలో పరీక్ష చేసుకుని మురిసిపోతే రోహిణి కార్తెలో పరువు పోతుంది. రోళ్ళు పగిలే కార్తె అని ఊరికే అనలేదు పెద్దలు. అందుకని నేను రోహిణి వచ్చేదాకా ఆగి, మిట్టమధ్యాహ్నం, తడిగాలి తగలకుండా కూలరు కూడా ఆపేసి, ఆఖరి పరీక్ష పెట్టాను. ఒక మెట్టు దగ్గర తెర బిగుసుకుపోయింది. వెనక్కి దిగాను. అక్కడ నిలిచింది. నిలిచినా సరే, భయం మంచిదని ఇంకో మెట్టు దిగాను. ఇవన్నీ కాక, వేడి ఫలానా హద్దు దాటితే యంత్రం తనంతట తానే ఆగిపోయేలా ఆ నీలం తెరలోనే ఏర్పాటు చేసిపెట్టాను. ఆ తర్వాత వచ్చిన ముహూర్తాలన్నీ ఆ వేగం మీదే గడిచిపోయాయి. సీడీలు ముందుగా చేతికొస్తుంటే, ఆ డబ్బాను గురించి మామే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, అప్పుడు మాత్రం అది మా అల్లుడు చేశాడని అనలేదు.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజకు మా అత్త కెమెరాలకూ, లైట్ల స్టాండ్లకూ, కంప్యూటరుకూ బొట్లు పెట్టి దండలు వేసింది. ఊరికి పోతూ పోతూ నేను దండం పెట్టుకునే పోయాను. మా అత్త చెయ్యి పెద్దది, అన్నం పెట్టినా అంతే, పూలు కట్టినా అంతే. కంప్యూటరు పెట్టెకు ఆమె వేసింది మామూలు దండ కాదు, ఆంజనేయస్వామి విగ్రహానికి సరిపడే బంతిపూల దండను పక్కనుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు నిండుగా చుట్టింది. పూజ దండ తనంతట తాను వాడేదాకా తీయకూడదని మా ఇంట్లో పట్టింపు. మరునాడు పండగ పూట, అల్లుడికీ కూతురికీ వాళ్ళ పెళ్ళి చూపించాలని ఒక పెద్ద రైతు సీడీ కోసం వచ్చి కూర్చున్నాడు. బావ యంత్రాన్ని ఆన్ చేశాడు. సగంలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆగింది. ఆ రైతు ఎదుట మామకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు బావ, నేను నేర్పిన విద్యతోనే, నీలం తెరలోకి పోయి నేను పెంచిన వేగాన్ని తీసేసి పాత వేగం పెట్టాడు. యంత్రం నెమ్మదిగానైనా పని ముగించింది.

ఇంకేముంది, డబ్బాను నేనే కాల్చానని తీర్పు అయిపోయింది. నేను ఊరినుంచి వచ్చేసరికి కిందనున్న టీ కొట్టుదాకా పాకిపోయింది.

నేను ఎవరితోనూ వాదించలేదు. దండను పక్కకు జరిపి, స్క్రూడ్రైవరుతో పక్కరేకు విప్పాను. పక్కరేకు గాలిరంధ్రాల్లో బంతిరేకులు కూరుకుపోయి ఉన్నాయి. లోపలికి లాగబడినవి ప్రాసెసరు ఫ్యాను కింద, గట్టు మీద గడ్డి పేర్చినట్టు, పసుపుపచ్చగా పేరుకున్నాయి. రోహిణి కార్తెలో ఆగని యంత్రం దసరా నాడు ఎందుకు ఆగుతుంది? ఊపిరి ఆడక ఆగింది. ఆగడం దాని తప్పు కాదు, నేను పెట్టిన కాపలా అది. వేగం తగ్గించాక వేడి తగ్గింది కాబట్టి, ఆ ఊపిరితోనే ఎలాగో నెట్టుకొచ్చింది. ఒక్క తీగ కాలలేదు, ఒక్క చిప్పు చెడలేదు. కాలడం వేరు, ఆగడం వేరు. దోసెడు రేకులు కింద ఇంట్లోకి తెచ్చి మామ ముందు పోసి, స్పీడు కాదు మామా, దండ అన్నాను.

మామ ముఖం మారిపోయింది. "నువ్వు చేసిందానికి దేవుని మీద ఏస్తాండావా తప్పు? మీ అత్త కట్టిన దండ చెడిపిందా డబ్బాను?"

"ఫ్యానుకు అడ్డం పడింది అంటాండా మామా, అంతే. ఇప్పుడే దండ తీసి, నేను పెట్టిన స్పీడే మళ్ళ పెట్టి నడిపిస్తా. మీరందరూ పైకొచ్చి కూచోని చూడండి."

"చూసేదేం లేదు. ఇంగ దాని జోలికి పోవాకు."

బావ అక్కడే తలుపు చెక్కకు ఆనుకుని, "రేపు అమ్మ పెట్టిన బొట్టు వల్ల జొరమొచ్చె అంటాడు నాయనా, చూస్తాండు" అన్నాడు. అత్త వంటింట్లోకి పోయింది. ఆమె మనసు నొచ్చిందని నాకు తెలుసు. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. నేను అత్త అనలేదు, దండ అన్నాను. ఈ రెండింటికీ తేడా తెలియని ఇంట్లో నేను అబద్ధం ఆడి మంచివాడిని అనిపించుకోదలచుకోలేదు. ఒక్క మధ్యాహ్నం, ఒక్క పెళ్ళి, వాళ్ళ కళ్ళ ముందు నడిపి చూపించే వీలు ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. ఆ కుర్చీలో బావ కూర్చున్నాడు, నన్ను పెళ్ళిళ్ళలో లైటు పట్టుకోమన్నారు. నేను పట్టుకోలేదు. బట్టలు సర్దుకుని కర్నూలు వెళ్ళి, ఒక ఇరుకు గదిలో సొంతంగా మిక్సింగు పెట్టుకున్నాను. మొదటి రోజే నా ప్రాసెసరు వేగం పెంచాను. పంతం అనుకుంటారేమో. అవును, పంతమే.

మరుసటి దసరాకు అత్తకు చీర పెట్టడానికి డోన్ వెళ్ళాను. ఆమె వసారాలో కూర్చుని బంతిపూలు కడుతోంది. నన్ను కూర్చోమని, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఈసారి దండ పటానికే ఏస్తాండానప్పా. డబ్బాకు ఒట్టి బొట్టే. ఇంగోటి జెప్తా విను. ఎండాకాలం పెండ్లిండ్లు మీద పడితే, మీ బావ నువ్వు పెట్టిన స్పీడే మళ్ళ పెట్టినాడు. ఏమీ కాలే. మీ మామకు తెలీదు, నువ్వు చెప్పగాకు."

నా వేగం పెట్టుకున్నారు, నా పేరు మాత్రం బాగుచేయలేదు. చెప్పేస్తే ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య నిప్పు పెట్టినట్టవుతుందని అత్త భయపడింది. ఆమె కోసం నోరు మూసుకున్నాను. మామ బతికినన్నాళ్ళూ మూసుకునే ఉన్నాను. ఆయన పోయి చాలాకాలమైంది, అయినా అత్త మాట దాటలేదు. కడపలో ఆ రోజు భోజనాలయ్యాక, పందిరి కింద కుర్చీలో వక్క నములుతున్న అత్త దగ్గరికి పోయి, ఇంగ చెప్పనా అత్తా అని అడిగాను. ఆమెకు చెవులు కొంచెం మందగించాయి కానీ నా ప్రశ్న అర్థమైంది.

"చెప్పుపో. వాని నోటికి ఎవురో ఒకరు తాళమెయ్యల్ల గదా" అంది.

అందుకే చెబుతున్నాను. బావ ఇది చదవడని తెలుసు, ఆయన ఏదీ చదవడు. ఆయన పిల్లలు చదివి వినిపిస్తారు.

ఇప్పటి ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే పెంచుకుంటాయట, వేడెక్కితే తామే తగ్గించుకుంటాయట. అంగడి కుర్రవాడు అది గొప్పగా చెప్పాడు, గొప్పే కావచ్చు. పెట్టెలకు అద్దాల పక్కలు వచ్చాయి, లోపల రంగుల దీపాలు తిరుగుతుంటాయి, అందరూ బయటినుంచి చూసేవాళ్ళే, చెయ్యి పెట్టేవాళ్ళు లేరు. ఇంట్లో ఎవరి యంత్రం వాళ్ళదే, ఎవరి తలుపు వాళ్ళదే. అది ఆగిపోతే కొత్తది తెచ్చుకుంటారు, ఎందుకు ఆగిందని నలుగురు చుట్టూ చేరి అరుచుకోరు. మామ నన్ను తిట్టడానికైనా ఆ మెట్లన్నీ ఎక్కి పైకొచ్చేవాడు. ఆయన్ను ఆ కుర్చీలో ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టి, పెళ్ళి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా నడిపి చూపించాలని నాకు ఇప్పటికీ ఉంది. చూడాల్సిన మనిషి లేడు. నేను మాత్రం చూపించడానికి ఇంకా సిద్ధంగానే ఉన్నాను.