టేకేదారు అరుగు మీద బీడీల చాటలు

రండి, చాప మీద దగ్గరికి జరిగి కూర్చోండి, మా పక్కింటి రాజవ్వ సంగతి చెప్తాను. ఇప్పుడే మా కోరుట్ల వాడకట్టులో ఎవరో తంబాకు సంచి విప్పారు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, ఆమె కళ్ల ముందు నిలబడింది.

రాజవ్వ సిరిసిల్ల నేతవాళ్ల బిడ్డ. కోరుట్లకు కోడలుగా వచ్చి మాతోపాటు బీడీలు చుట్టేది. అవి అన్నల కాలం, నక్సలైట్లేమోనని నలుగురు ఒకచోట నిలబడితే పోలీసు జీపు ఆగే రోజులు. అంతా కార్ఖానాలో కూర్చుని చుట్టేవాళ్లం. ఒకనాడు కంపెనీ దాన్ని మూసేసింది. కంపెనీ తరఫున మాకు ఆకు, తంబాకు పంచే టేకేదారు తీయగా చెప్పాడు: "ఇంట్ల కూసోని చేసుకోండ్రమ్మా. వంట గూడ నడుస్తది, పిల్లలు గూడ కండ్ల ముందుంటరు." మేం మురిసిపోయాం. కార్ఖానా కిరాయి కంపెనీకి మిగిలిందనీ, తంబాకు దుమ్ము మా ఇళ్లకు మారిందనీ రాజవ్వ తప్ప ఎవరం ఆలోచించలేదు.

మాది ఒంటి గది ఇల్లు. బీడీల చాట పక్కనే పిల్ల తొట్టెల. కొన్నాళ్లకే నా బిడ్డ పద్మకు దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూ తాగుతూ ఊపిరాడక నీలబడేది. జగిత్యాల డాక్టరు మందు రాసి, తంబాకును పిల్లకు దూరంగా పెట్టమన్నాడు. ఆ ఇంట్లో దూరం ఎక్కడిది? బీడీలు మానేద్దామంటే పొయ్యి వెలగదు. రాజవ్వ దగ్గర కూర్చుని ఏడ్చాను.

"ఏడ్వకే. దగ్గుకు మందు రాసిండు గని దుమ్ముకు రాయలే. దాని మందు మనమే ఇద్దాం, పా," అంది.

కార్ఖానా తెరవమని టేకేదారును అడిగాం. "గీ మాటలు అన్నలు నేర్పిండ్రా? ఠాణాల చెప్పాల్నా?" అని కళ్లెర్రజేశాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. రాజవ్వ కొంగు దోపుకుంది.

"పిల్ల దగ్గితె తల్లికి ఇనపడ్తది సేటూ. దానికి అన్నలెందుకు?"

మరునాడు పొద్దున్నే పిల్లలను అత్తల దగ్గర వదిలి, వాడకట్టు ఆడవాళ్లమంతా చాటలు పట్టుకుని టేకేదారు ఇంటి అరుగెక్కి బీడీలు చుట్టడం మొదలుపెట్టాం. గాలికి తంబాకు దుమ్ము తిన్నగా వాళ్ల ఇంట్లోకే కొట్టింది. కాసేపటికి అతని భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చంటివాణ్ణి ఎత్తుకుని బయటికొచ్చింది.

"ఏందే గీ దుమ్ము? పోరడు ఒకటే తుమ్ముడు!"

"ఇంట్ల కూసోని చేసుకొమ్మన్నరు చెల్లే. ఎవలింట్లనో చెప్పలే," అంది రాజవ్వ.

అంతలో పోలీసు జీపు రానే వచ్చింది. "ఏందమ్మా, మీటింగా?" అన్నాడు జమేదారు.

"కాదు సారూ, డ్యూటీ. నువ్వు గూడ కూసో, నాలుగు చుడుదువు," అంది రాజవ్వ.

జమేదారు మీసం చాటున నవ్వుకున్నాడు. టేకేదారు భార్య మాత్రం నవ్వలేదు. మొగుడి వైపు తిరిగి, "కార్ఖానా తాళం తీస్తవా, నన్ను మా అవ్వగారింటికి పొమ్మంటవా?" అంది. ఆ సాయంత్రమే తాళం తీశాడు.

పద్మ దగ్గు ఒక్కసారిగా పోలేదు. వానాకాలం వెళ్లేసరికి కడుపునిండా పాలు తాగి, ఆయాసం లేకుండా నిద్రపోయింది. ఇప్పుడు రాజవ్వ లేదు. పిల్లలకు బలమంటూ, ఆడవాళ్లకు సుఖమంటూ ఎవరు ఏ డబ్బా పట్టుకుని వచ్చినా, నేను గడప దగ్గరే నిలబెట్టి అడుగుతాను: "గిది మా ఇంట్లకు అస్తె మీకేం మిగుల్తది? మా పిల్లలకేమైతది?" జవాబు నచ్చితేనే లోపలికి.

మీ ఇంట్లో పొయ్యి రోజూ వెలగాలి. మీ పిల్లలు గుండెనిండా గాలి పీల్చి, మనుమలనెత్తేదాకా చల్లగా బతకాలి, తల్లీ.