మొదటి ముద్ద తర్వాత

జహనుమాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ, నయాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయాక ఒళ్లోని టిఫిన్ డబ్బా తెరిచింది. కిచిడి ఒక్క ముద్ద తిని మూత పెట్టేసింది.

"ఏంది పెద్దమ్మా, మంచిగ లేదా?" అన్నాను.

"మంచిగనే ఉంది బిడ్డా. బడిల వంట చేస్త నేను. వండినంక ముందుగాల నేనే తినాలె, అర్ధగంట ఆగాలె. నాకేం గాకుంటెనే పిల్లలకు పెడ్తం. గదే అలవాటైంది."

"ఇప్పుడు ఎండకాలం సెలవులు గదా?"

"ఔ. బడిలయితే ప్లేట్లు పట్టుకొని అందరు నా మొఖమే చూస్తుంటరు, ఎప్పుడు పెడ్తదా అని. ఇంట్ల ఎవరు చూస్తరు? నేనొక్కదాన్నే."

నేనూ ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. బస్సు కదలనే లేదు. చాలాసేపటికి ఆమె డబ్బా మళ్లీ తెరిచి, సగం కిచిడి మూతలో పెట్టి నా చేతికిచ్చింది.

"నాకేం గాలే. ఇగ తిను."

అఫ్జల్‌గంజ్‌లో దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

నా గదిలో నేనూ ఒక్కడినే వండుకుంటాను. ఇప్పటికీ మొదటి ముద్ద తిన్నాక చెయ్యి కాసేపు ఆగుతుంది, ఇగ తినమని ఎవరో చెప్పాలన్నట్టు.