మల్లవ్వ బొటనవేలు

పెసరపప్పు తెమ్మంటే శనగపప్పు తెచ్చే మనిషిని నేను. ఏడో తరగతిలో బడి మానేస్తే సార్లు చాయ్ తెప్పించుకుని పండుగ చేసుకున్నారట. అలాంటి నా ముందు కోరుట్ల హేచరీ షెడ్డులో రోజూ ఒక్కరోజు వయసు కోడిపిల్లల్ని పోస్తారు, పుంజులు ఇటు, పెట్టలు అటు ఏరమని. ట్రే మూత తీయగానే అప్పుడే ఆరిన నూగు వాసన వెచ్చగా ముఖానికి కొడుతుంది. ఆ వాసనకు మొదట మల్లవ్వ గుర్తొస్తుంది, వెనకాలే కడుపుమంట.

ఈ పని నాకు నేర్పింది ఆమే. కథలాపూర్ నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి, పీట మీద కూర్చుని, బొటనవేలితో పిల్ల రెక్క విప్పేది. మా షెడ్డు కోళ్ల జాతిలో పెట్టపిల్ల రెక్క అంచున ఈకలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పుంజుపిల్లకు అన్నీ సమానం. తేడా నువ్వుగింజంత, రెండు రోజులు దాటితే అదీ ఉండదు. నేను ఒక పిల్లను కళ్లకు ఆనించుకుని చూసేలోపు ఆమె పదింటిని ఏరేసేది, అదీ పక్కామెతో కోడలి ముచ్చట్లు చెబుతూ. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు గుడ్ల కోసం పెట్టలే కావాలంటారు. "మల్లవ్వ ఏరినయేనా?" అని అడిగి మరీ తీసుకునేవారు. నా పేరు ఎవరూ అడగలేదు, మంచినీళ్లు కావాల్సి వస్తే తప్ప.

"అవ్వా, నన్ను గూడ ఏరనియ్యరాదే?" అన్నానొకసారి.

"నీకింక రాలేదు సీనిగా. నువ్వేరితె పుంజులు గుడ్లు పెట్టాలె!"

షెడ్డంతా నవ్వింది. అక్కడ నవ్వించే పని ఒక్కటే నాది, అదీ లాక్కుంది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నానికి లేచినప్పుడు, సిరిసిల్ల నర్సయ్య కోసం ఏరిపెట్టిన పెట్టెలోంచి రెండు పెట్టల్ని తీసేశాను. ఇంకా ఏరని ట్రేలో వెతికి వెతికి రెండు పుంజుల్ని పట్టి వాటి చోట వేశాను. ఎవరూ చూడలేదు. సంతోషపడలేదంటే అబద్ధం.

ఐదు నెలలకు నర్సయ్య సంచిలో రెండు పుంజులతో బస్సు దిగాడు. "ఏంది మల్లవ్వా, గివి గుడ్లు పెడ్తయని చూస్తుంటే కూతలు పెట్టవట్టె! సాంచెల సప్పుడు సాలదా మాకు?"

ఆమె ఏరినవి తిరిగి రావడం అదే మొదలు. అందరూ ఆమెనే చూశారు. దీనికోసమే కాచుకున్న నేను మాత్రం చూడలేకపోయాను. మల్లవ్వ పుంజుల్ని చూసింది, నన్ను చూసింది. "నాదే తప్పు నర్సన్నా. కండ్లు మసకవడ్డయి" అని రెండు పెట్టల్ని ఇప్పించింది. మర్నాడు పీట నాకిచ్చి పక్కన కూర్చుంది. నెల తిరగకుండా పనే మానేసింది.

కోరుకున్న చోటు దక్కింది, మంట ఆరలేదు. జగిత్యాల వాళ్లయినా సిరిసిల్ల వాళ్లయినా "మల్లవ్వ ఏరినట్టు లేవు" అంటూనే ఉన్నారు. రెక్క విప్పే నా వేలు అచ్చం ఆమె వేలిలాగే కదులుతుంది, ఆ వేగం మాత్రం రాదు. ఆమె నా తప్పును మీదేసుకున్న ఆ నిమిషం ప్రతి ట్రేలోనూ ఉంటుంది. మొన్న ఆగలేక కథలాపూర్ వెళ్లాను. వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అవ్వా, గా రెండు పుంజుల్ని నేనే ఏసిన. నీ మీద కండ్లల్ల నిప్పులు పోసుకోని."

ఆమె తలైనా ఎత్తలేదు. "ఎర్కే. గంత ట్రేల ఏరి ఏరి రెండూ పుంజులే ఏసినవు, ఒక్కటన్న తప్పు పోలేదు. పని వచ్చిందని గప్పుడే సమజైంది. లేకుంటె దొంగకు పీట ఇస్తరార ఎవలన్న?"