కాంటా మీద అవ్వ

ఆదిలాబాదులో నేనూ, నన్ను కన్న అవ్వా పనిచేసిన జిన్నింగు మిల్లుకు సేటు డాక్టరును పిలిపిస్తున్నాడని తెలిసిన రోజు మొదట నవ్వింది అవ్వే. "అడగంది అవ్వ గూడ పెట్టది. సేటు పెడ్తడా?" అన్నది. నాకూ అదే అనుమానం. ఇప్పటికీ ఎవరైనా ఊరికే మేలు చేస్తామంటే ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను. నా బుద్ధే అంత.

పత్తిలోంచి గింజను వేరు చేసే మిషన్ల దగ్గర మా పని. దూది ముక్కులో, కనురెప్పల మీద, అన్నంలో కూడా ఉండేది. మిల్లు మాకు చేసిన వైద్యమల్లా రోజూ ఇచ్చే బెల్లం ముక్క. బెల్లం తింటే గొంతులో దుమ్ము దిగిపోతుందని అందరి నమ్మకం. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజైతే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఆ రోజు సగం మంది రాక మిషన్లు ఆగేవి. డాక్టరు వచ్చింది అందుకే. ఆగిన మిషను సేటుకు నష్టం, ఆడినప్పుడు లేచే దుమ్ము మాకు నష్టం. ఇద్దరికీ ఒకే మందు ఉంటుందంటే మాకు నమ్మకం కలగలేదు.

డాక్టరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు మరీ అనుమానం. ఛాతీ మీద గొట్టం పెట్టనివ్వమని ఆడవాళ్లం మొండికేశాం. దగ్గుందా అంటే లేదన్నాం. ఇక ఆయనకు మిగిలింది పత్తి తూచే కాంటా ఒక్కటే. నెలకోసారి మమ్మల్ని దాని మీద నిలబెట్టి, ఎవరి బరువు వాళ్ల అట్ట మీద రాసుకునేవాడు. అవి కిలోలు కొత్తగా వచ్చిన రోజులు. ఆ అంకెలు మంచివో చెడ్డవో మాకు అర్థమయ్యేది కాదు.

చీర కుచ్చిళ్లలో పత్తి దాస్తున్నామని పట్టుకోవడానికే ఈ తూకమని మొదటి నెల అనుకున్నాం. రెండో నెల బరువు తగ్గిన ఇద్దరిని మిషన్ల దగ్గరి నుంచి తీసి, ఆరుబయట పత్తిలో చెత్త ఏరే పనికి పంపారు. కూలి మాత్రం తగ్గించలేదు. పని తేలిక, కూలి అంతే అంటే మాకు ఇంకా భయమేసింది.

"ఇయ్యాల మిషన్ కాడికెల్లి తీసిండ్రు. రేపు గేటు కాడికెల్లి తీస్తరు," అన్నది అవ్వ.

బాపు పోయాక మాకున్న ఆధారం ఆ పనే. దగ్గే ముసలిదాన్ని ఇంకో మిల్లు ఎందుకు పెట్టుకుంటుంది? తూచే రోజు పొద్దున మిగతావాళ్లు గొంతు దాకా జొన్న గటక తిని, చెంబెడు నీళ్లు తాగి వచ్చేవాళ్లు. అవ్వకు గటక దిగడం అప్పటికే మానేసింది. అందుకని పొడుగాటి గుడ్డసంచి కుట్టి, గులకరాళ్లు నింపి, చీర కింద ఆమె నడుముకు కట్టాను.

ఎన్ని రాళ్లు కావాలో లెక్క తెలియాలి కదా. కాంటా చూసుకునే ముసలాయనను మేము చిచ్చా అనేవాళ్లం. తూకానికి ముందు రోజు సాయంత్రం ఆయన కాళ్లావేళ్లా పడి అవ్వను కాంటా ఎక్కించేదాన్ని.

"జర జల్ది, బేటీ. జమేదార్ చూస్తే నా నౌకరి పోతది," అంటూనే ఆయన అంకె చదివేవాడు. మొదటి నెల అట్ట మీద రాసిన బరువు వచ్చేదాకా నేను సంచిలో రాళ్లు వేసేదాన్ని. మరుసటి నెల ఇంకొన్ని పట్టాయి. ఆపై నెల మరిన్ని.

"రాళ్లు ఎక్కువైతున్నయి బేటీ. డాక్టర్ సాబ్‌కు చెప్పరాదు?" అన్నాడు ఒకసారి.

"చెప్తే పనిల ఉంచుతడా?" అన్నాను. చిచ్చా అవ్వను దిగమని సైగ చేశాడు. ఆయనకూ సేటు సంగతి తెలుసు.

ఐదో నెల కాంటా దిగుతూ అవ్వ బోర్లా పడిపోయింది. లేవదీయబోయిన డాక్టరు చేతికి సంచి తగిలింది. తలెత్తి నా వైపు చూశాడు. నేనే విప్పాను. ఆయన దాన్ని కాంటా మీద పెట్టాడు. చిచ్చా అంకె చదవలేక తల తిప్పుకుంటే తనే వంగి చూసుకున్నాడు.

"ఈ దుమ్ము ఈమె ఒక్కదాన్నే ఏమీ చేయడం లేదనుకున్నాను. అందుకే మిషన్ దగ్గరే ఉంచేశాను," అన్నాడు. "బయటికి పంపిన ఇద్దరూ కోలుకుంటున్నారమ్మా. సరిగ్గా ఇన్ని రాళ్లు కావాలని నీకెలా తెలిసింది?"

"నెలనెలా తూస్తున్న," అన్నాను.

"అయితే నాకంటే ముందే నీకు తెలుసన్నమాట."

ఆయన తిట్టి ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. తిట్టలేదు. అవ్వ ఎంత కరిగిపోతోందో రాయి రాయికీ తెలిసింది నాకే, దాచిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

పత్తి బోరాల మీద పడుకోబెట్టిన అవ్వ నా కొంగు పట్టుకుని గుంజింది. "నన్ను తీసేస్తడా?"

"తీసెయ్యడు అవ్వా. రేపటి నుంచి బయట పని చేద్దువు. పట్నం దవాఖానకు తోలుతడట."

"నమ్మకు బిడ్డా. జల్ది రాళ్లు కట్టు."

"ఇగ కట్టను. ఆయన మంచోడే అవ్వా, నమ్ము."

నా బతుకులో ఒక మనిషి గురించి ఆ మాట అనడం అదే మొదలు. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. సేటునూ, జమేదారునూ, డాక్టరునూ చూసే చూపు అది. మెల్లగా కొంగు వదిలేసింది.

"నిన్ను గూడ కొన్నడా సేటు?" అన్నది.

పట్నం పోనన్నది, పోలేదు. ఆ వానాకాలంలో ప్రాణం పోయేదాకా సంచి విప్పిన ఈ చేతులతో నన్ను తన నడుము ముట్టుకోనివ్వలేదు.