గంపల వాళ్ళు లేని పగటి లెక్క

మొన్న తిరుపతి బస్టాండులో ఒక పెద్దాయన నన్ను ఆపి దారి అడిగాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గుడ్డసంచి, ఒక కాలిమీద నిలవలేక ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ, "అమ్మా, ఈడ బాత్రూం యాడుండాదో కొంచెం చెప్తావా?" అన్న ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను. జుట్టు రాలిపోయినా, వెన్ను వంగిపోయినా, మాట చివర ముక్కు ఎగబీల్చే అలవాటు మాత్రం ఆయనకు పోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పై అధికారి ఆయన. నన్ను గుర్తుపట్టలేదు. బాత్రూం ఆయన వెనకాలే, అరటిపళ్ళ బండి చాటున ఉంది. "ఈడ లేదు పెద్దాయనా, ఆ కొసకు పోవాల" అని చెయ్యి చాపి చూపించి, ఆ ఎండలో ఆయన కర్ర ఊతంతో పోతుంటే, కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ఈ వయసులో ఇదేం బుద్ధి అని మీకు అనిపించవచ్చు. మీరు నా ఈడు వాళ్ళు గనక చెబుతున్నాను, మొత్తం విన్నాక అనండి.

ఊరికి ఎన్ని కొళాయిలు కావాలో, ఎన్ని మరుగుదొడ్లు కావాలో అంచనా కట్టే ఆఫీసు మాది. లెక్కల్లో డిగ్రీ తెచ్చుకుని, శ్రీకాళహస్తి నుంచి రోజూ రైల్లో వచ్చిపోతూ ఆ ఉద్యోగం చేసేదాన్ని. తిరుపతిలో రాత్రి నిద్రపోయే జనం వేరు, పగలు తిరిగే జనం వేరన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే అయినా, ఆ పగటి జనం ఎంతమందో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది మాత్రం మా రోజుల్లోనే. పద్ధతి వినడానికి సులువే. ఊళ్ళో కాపురమున్న వాళ్ళలోంచి పొద్దున్నే చిత్తూరుకో, కొండమీది కొలువుకో పోయేవాళ్ళను తీసెయ్యాలి, చుట్టుపక్కల ఊళ్ళనుంచి పనికీ చదువుకూ వచ్చేవాళ్ళను కలపాలి. దేవుడి దర్శనానికి వచ్చే యాత్రికులది విడి లెక్క. రైలు సీజన్ టిక్కెట్ల వివరాలు, బస్సు పాసులు, కొండ బస్సుల టిక్కెట్ల మొత్తాలు అన్నీ తెప్పించుకుని, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటిమీద గులకరాళ్ళు పెట్టి, మధ్యాహ్నం పెరుగన్నం మత్తులో కూడికలూ తీసివేతలూ చేస్తూ కూర్చునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది.

మా అధికారిది చిత్తూరు. ఇస్త్రీ నలగని చొక్కా, తూచినట్టు మాట. అయితే పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా కొండకు కాలినడకన పోయినవాడు కాదు, ఎప్పుడు పోయినా జీపులోనే. కొండెక్కే బస్సుల్లో జనంకంటే దిగే బస్సుల్లో జనం రోజూ ఎక్కువ తేలుతుంటే, ఆ ఎక్కువైన వాళ్ళంతా తిరుమలలో కాపురముంటూ కిందికి పనులకు వచ్చేవాళ్ళేనని ఆయన తీర్మానించి, అందరినీ తిరుపతి పగటి జనంలో కలిపేసి, పై అధికారుల ముందు గొంతు సవరించుకుని మరీ చదివాడు. అలిపిరి దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ నడిచి ఎక్కి, దర్శనమయ్యాక కాళ్ళు పీకుతున్నాయని బస్సులో దిగేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? మొక్కు ఎక్కడానికే గాని దిగడానికి కాదు గదా. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకమ్మా నవ్వుతున్నావని అందరికంటే పై అధికారి అడిగితే ఉన్న సంగతి చెప్పాను. మా అధికారి చెప్పినట్టు వాళ్ళు కొండమీద కాపురం వాళ్ళే అయితే సాయంత్రానికి మళ్ళీ కొండెక్కాలి గదా, ఆ టిక్కెట్లేవని కూడా అడిగాను. గదంతా నవ్వింది. మా అధికారి ఒక్కడే నవ్వలేదు, నావైపు చూసి ముక్కు ఎగబీల్చాడు.

ఇక మా అక్క సంగతి చెప్పాలి. మా నాయన స్వర్ణముఖి ఒడ్డున ఆకుకూరలు వేసేవాడు. అక్కకు పెళ్ళయినా పక్క వీధిలోనే కాపురం. చిర్రాకు, పాలకూర, కొత్తిమీర కట్టలు కట్టి, తడి గోనెపట్ట కప్పి, గంప నెత్తిన పెట్టుకుని తొలి రైలుకు తిరుపతి వచ్చి, వీధివీధీ తిరిగి అమ్మి సాయంత్రం రైలుకు పోయేది. నా చదువంతా ఆ గంపే మోసింది. రేణిగుంట చేరేసరికి ఆ రైలు పెట్టె నిండా గంపలే. ఆకుకూరలు, పూలు, పెరుగు కుండలు, అన్నీ ఆడవాళ్ళవే. ఇంతమందీ మా ఆఫీసు కాగితాల్లో ఒక్కచోట కూడా లేరు. ఎందుకు లేరంటే, ఏరోజు టిక్కెట్టు ఆరోజు కొనుక్కునేవాళ్ళకు పాసులుండవు, పైగా జనాభా లెక్కలకు వచ్చినవాళ్ళు మీ ఆవిడ ఏం పని చేస్తుందని అడిగితే మా బావ, "పనేముండాది, ఇంట్లోనే ఉంటాది" అన్నాడట, అక్క ఆ పక్కనే కూర్చుని మర్నాటికి కట్టలు కడుతుండగా. ఇంటింటా అదే జవాబు. అట్లా కాగితాల ప్రకారం ఆ ఆడవాళ్ళు రాత్రీ పగలూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళల్లోనే ఉన్నారు.

నేను ఊరుకోలేదు. రోజూ వచ్చే రైలే గదా అని పెట్టె పెట్టెకూ తిరిగి గంపలు లెక్కపెట్టాను. గంపకొక మనిషి. బస్సుల్లో వచ్చేవాళ్ళను బస్టాండులో నిలబడి చూశాను. గంపల వాళ్ళు అని ఒక వరుస వేరుగా రాసి పట్టికలో చేర్చాను. అది కలిస్తే పగటిపూట ఊళ్ళో ఉండే ఆడవాళ్ళ సంఖ్య బాగా పెరిగేది, మార్కెట్టు దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్లూ కొళాయిలూ కట్టక తప్పేది కాదు.

మా అధికారి ఆ వరుసను నా ఎదురుగానే ఎర్రసిరాతో కొట్టేశాడు. "వీళ్ళకు పాసుల్లేవు. పని లేదని మొగుళ్ళే చెప్పినారు. గంపల్ని చూసి మనుషులని రాస్తే పైవాళ్ళు నవ్వుతారమ్మా. నవ్వేది నీకు బాగా వచ్చు గదా" అన్నాడు, మెల్లగా, ప్రతి మాటా రుచి చూస్తున్నట్టు. నా మీద కోపముంటే నన్ను ఏమైనా చెయ్యండి సార్, వాళ్ళ నోట్లో మన్ను కొట్టకండి అని కళ్ళనీళ్ళు పెట్టుకుని బతిమాలాను. ఆయన పెన్నుకు మూత పెట్టి టీ తెమ్మన్నాడు. మార్కెట్టు దగ్గర మగవాళ్ళకు కట్టారు. ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారు గనక తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది మా అక్క గంప దించేసిన ఎన్నో ఏళ్ళకు గాని రాలేదు.

అన్నేళ్ళూ అక్క పొద్దున ఇంట్లో బయల్దేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. తాగితే యాడికి పోయేది? రోహిణి ఎండల్లో ఏ ఇల్లాలైనా జాలిపడి గ్లాసుడు మజ్జిగ ఇచ్చినా వద్దని తల అడ్డంగా ఊపేది. పెదాలు పగిలి నెత్తురు చిమ్మేవి. ముందు మూత్రంలో మంటలన్నది, తర్వాత రాళ్ళన్నారు, చివరికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయన్నారు. కారణాలు చాలా ఉండొచ్చని డాక్టరు అన్నాడు. నాకు మాత్రం కారణం ఒకటే. దానికి ముఖముంది, ఇస్త్రీ చొక్కా ఉంది. దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా అందరూ చల్లగా ఉండాలని కోరుకుంటూ ఆ ఒక్కడిని మినహాయించేదాన్ని.

బావ పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోతుంటాను. మొన్న బస్టాండు నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా జరిగిందంతా చెప్పాను. పాపం ముసలాయన, చూపించాల్సింది అంటుందేమోనని లోపల్లోపల బెదురుగానే ఉంది, ఎందుకంటే మా అక్క నోట ఒకరిమీద చెడ్డమాట నేనెప్పుడూ వినలేదు. అక్క మంచంమీద లేచి కూర్చుంది. "నిజంగానా! ఆ కొసకే పంపినావా?" అంది. అవునన్నాను. "పోయినాడా?" అంది. పోయినాడన్నాను. "యాడన్నా గోడకాడ నిలబడినాడేమో, పోలీసోళ్ళు పట్టుకోనుంటే ఇంకా బాగుండు! బాగా జేసినావు పోవే" అని పకపకా నవ్వింది. మంచం పట్టాక అక్క అట్లా నవ్వడం అదే మొదలు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఎండ కొంచెం ఎక్కువ చేసి చెప్పాను.

ఇప్పుడు పగటి జనం లెక్కకు గులకరాళ్ళూ కాగితాలూ అక్కరలేదట, జేబుల్లో ఫోన్లు ఎటు కదిలితే అటు మనుషులు పోయినట్టేనట. ఫోను లేనివాళ్ళను ఏం చేస్తారని మా ఆఫీసులో ఇప్పుడున్న కుర్రవాళ్ళను అడగాలని ఉంది. ఏదైతేనేం, ఊరు మారింది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆడవాళ్ళ బొమ్మవేసిన బోర్డులు, కొళాయి తిప్పితే నీళ్ళు. ఆయన రేపు మళ్ళీ ఎదురుపడినా నేను చెప్పే దారి అదే, నాకేం మొహమాటం లేదు. కానీ ఆరోజు నవ్వి నవ్వి అక్కకు పొరబోయి, గొంతు తడారిపోయి, నీళ్ళు ఇమ్మంది. డాక్టరు రోజుకు ఇంతే తాగాలని కొలిచి చెప్పిన నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. పక్క గదిలోనే బాత్రూం, వంటింట్లో నిండు బిందె. నేను గుడ్డ తడిపి అక్క పెదాలు తుడిచాను.